మైకు వదిలిన పిన్ని, కుట్టుమిషన్ ఆవిడ

జూన్ 4

పిన్నీ,

నీకు ఫోన్ చెయ్యొద్దని అమ్మ మరీ మరీ చెప్పింది. చేస్తే నువ్వు ఎత్తుతావట, ఎత్తాక ఊరుకోవట, డాక్టరు పడ్డ కష్టమంతా గంగలో కలుస్తుందట. మెసేజ్ పెడదామంటే నువ్వు నీ ఫోన్ని బాబాయి సొరుగులో పడేశావని తెలిసింది. అందుకని పోస్టాఫీసు ఎక్కడుందో కనుక్కుని, కవర్లు కొనుక్కొచ్చి, కాలేజీ వదిలాక మొదటిసారి చేత్తో నాలుగు లైన్లకి మించి రాస్తున్నాను. దస్తూరి చూసి దడుచుకోకు.

అసలు సంగతి నాకు ఇంకా బుర్రకెక్కలేదు. ఇరవై నాలుగేళ్ళు రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసిన మనిషిని, గొంతులో కాయలు కాశాయని, యాభై నిండకముందే ఇంటికి పంపించేస్తారా? మన చుట్టాలందరిలోకీ మైకు లేకుండానే వీధి చివరికి వినపడేదానివి నువ్వు. అలాంటి నిన్ను నోరు తెరవొద్దని డాక్టరు అంటుంటే ఏ మొహం పెట్టుకుని విన్నావో నేను ఊహించుకోలేకపోతున్నాను.

నా సంగతి అమ్మ చెప్పే ఉంటుంది, నిట్టూర్పులతో సహా. ఇది మూడో ఉద్యోగం. జనం కంపెనీకి ఫోన్ చేసి అరిచిన అరుపులన్నీ రికార్డయి ఉంటాయి కదా, అవి చెవులకి తగిలించుకుని విని, ఫోన్ ఎత్తినవాళ్ళు ఎంత మర్యాదగా మాట్లాడారో మార్కులు వెయ్యాలి. పలకరింపుకి ఇన్ని, స్పష్టతకి ఇన్ని, ముగింపుకి ఇన్ని. నేనుండే గది మూడో అంతస్తులో. కిటికీ తెరిస్తే ఎదురింటి వాళ్ళ ఉతికిన దుప్పట్లు మొహానికి తగులుతాయేమో అనిపిస్తుంది. నాతో ఉండే అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతోంది. పరీక్షలు దగ్గర పడితే నా వీపే ఆవిడకి పుస్తకం.

నిన్న ఇక్కడి స్టేషన్లో నిలబడి ఉంటే పైనుంచి నీ గొంతు వచ్చింది. నువ్వు ఎప్పుడో రికార్డు చేసి ఇచ్చిన ముక్కలే ఈ లైను మొత్తానికీ అతికించి వాడుతున్నారట కదా. నీ గొంతు ఇక్కడ బండ్ల రాకపోకలు చెబుతుంటే నువ్వు అక్కడ నోరు కట్టుకుని కూర్చున్నావని తలుచుకుని నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కనున్నాయన్ని పట్టుకుని "ఈవిడ మా పిన్ని" అని చెప్పాను. ఆయన కొంచెం దూరం జరిగాడు.

ఎలా ఉన్నావో రాయి. ధైర్యంగా ఉన్నానని మాత్రం రాయకు, అది ఎవరైనా రాస్తారు.

నీ మాట వినడానికి అలవాటుపడ్డ,
అక్క కూతురు

జూన్ 13

తుర్రుపిట్టా,

కాలు ఒకచోట నిలవని నువ్వు కూర్చుని రెండు పేజీలు రాశావంటే నా గొంతు పోవడం వల్ల మంచి ఒకటి జరిగినట్టే.

ఎలా జరిగిందో చెబుతాను విను. ఆ రోజు బండి ఆలస్యం. మామూలు రాకపోకలన్నీ మిషనే చెబుతుంది, ఆలస్యాలు మాత్రం నేను చెప్పాలి. మైకు మీట నొక్కి "ప్రయాణికులకు" అన్నాను. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. అద్దంలోంచి చూస్తే ప్లాట్‌ఫాం మీద జనమంతా తలలెత్తి స్పీకర్ల వైపు చూస్తున్నారు. పెట్టె ఎత్తబోయిన ఒకాయన అలాగే వంగి ఉండిపోయాడు. నాకు ఏడుపు రాలేదే, నవ్వొచ్చింది. నా మాట కోసం అంతమంది అంత ఓపిగ్గా ఎదురుచూడటం అదే మొదలు. ఇప్పుడు మిషన్‌కి ఆలస్యాలు కూడా నేర్పేశారట.

ఇంట్లో ఇలా ఉంది. నీ బాబాయి ముందుగదిలో ఎప్పట్లాగే కట్టుడుపళ్ళు చేసుకుంటున్నారు. ఆయన పని నీకు తెలుసు కదా, పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, ఈయన మైనంతో దవడలు కట్టి, అరగదీసి తిరిగి పంపిస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మాట్లాడటం, ఆయన తలూపడం. ఇప్పుడు ఇద్దరం తలూపుకుంటున్నాం. ఎవరు ముందు ఊపాలో తెలియక మొదట్లో కొంచెం తికమక పడ్డాం.

అవసరమైనవి రాసి చూపించడానికి ఆయన నాకొక పలక కొనిచ్చారు. ఒకరోజు ఉప్పు అయిపోయిందని రాశాను. ఎందుకో దాని కింద "ఒకావిడ కుట్టుమిషన్ ఎత్తుకుని రైలు దిగింది" అని కూడా రాశాను. అలాంటావిడని నేనెప్పుడూ చూడలేదు. రాస్తూ పోయాను, పలక నిండిపోయింది. చెరిపేసి మళ్ళీ రాశాను. తర్వాత అయ్యో, ఎందుకు చెరిపానా అని ప్రాణం ఉసూరుమంది. మర్నాడు కాగితాల కట్ట తెప్పించుకున్నాను. ఉప్పు మాత్రం రెండు రోజులు రాలేదు, ఆయన కథ చదివి ఉప్పు సంగతి మర్చిపోయారు.

కాబట్టి నేను నవల రాస్తున్నాను. మీ అమ్మకి చెప్పకు, చెబితే నాకు గొంతుతోపాటు ఇంకేదో కూడా పోయిందనుకుంటుంది. మొదటి అధ్యాయం ఇందులో పెట్టాను. నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పు.

తలూపుతూ,
పిన్ని

జూన్ 24

పిన్నీ,

నవల! పోస్టు తెచ్చినాయన ముందే కవరు చింపేశాను.

ముందు మంచి మాటలు. కుట్టుమిషన్ ఆవిడ ఎవరిదో పెట్టె దింపిపెట్టడానికి సాయం చెయ్యబోయి, తన ఊరు కాని ఊళ్ళో మిషన్‌తో సహా కిందికి దిగడం, వెనక బండి కదిలిపోవడం, అది చూసి ఆవిడ మిషన్ని కింద పెట్టి చీర కుచ్చిళ్ళు సర్దుకోవడం. పరిగెత్తదు, అరవదు, కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. అక్కడ నేను చదవడం ఆపి మా గది అమ్మాయికి వినిపించాను. నా మెడ నరం పట్టుకుని ఉన్న ఆవిడ చెయ్యి కూడా ఆగిపోయింది.

ఇక అసలు గొడవ. పిన్నీ, నువ్వు నవల కూడా అనౌన్స్ చేస్తున్నావు. మొదటి పేరా చూడు: "ముందుగా కుట్టుమిషన్ ఆవిడ వస్తుంది. ఆమె వెనకే టికెట్ కలెక్టరు వస్తాడు. ఆవిడ చివరికి ఆ ఊళ్ళోనే ఉండిపోతుంది." అన్నీ నువ్వే చెప్పేస్తే ఇక నేనెందుకు పేజీ తిప్పాలి? పైగా ముఖ్యమైన ప్రతి సంగతీ రెండుసార్లు చెప్పావు. బండి వెళ్ళిపోయిందని ఒకసారి చెప్పి, నాలుగు లైన్ల తర్వాత, "బండి వెళ్ళిపోయింది" అని మళ్ళీ చెప్పావు. మొదటిసారే వెళ్ళిపోయింది కదా.

మా ఆఫీసు లెక్కలో వేస్తే పలకరింపుకి పది, స్పష్టతకి పది, ఊరించడానికి సున్నా. మొత్తం మీద పదికి ఆరున్నర. ఇక్కడ ఆరున్నర తెచ్చుకున్నవాళ్ళకి టీ తాగడానికి విరామం ఇస్తారు, కాబట్టి మొహం మాడ్చుకోకు. నా సలహా రెండే మాటలు. జరగబోయేది ముందే చెప్పకు. చెప్పింది ఒక్కసారే చెప్పు.

మా సూపర్‌వైజరు నన్ను పిలిచి, మార్కులు వేసేచోట నేను వ్యాసాలు రాస్తున్నానని అంది. "ఈ కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు కానీ ఆవలింత మింగుతూ మాట్లాడాడు" అని రాశాను, అంతే. నిజమే కదా, వినపడింది. ఈ ఉద్యోగంలో ఎన్నాళ్ళుంటానో చూడాలి. అమ్మతో అనకు.

ఇంతకీ స్టేషన్ గుర్తొస్తోందా నీకు? నిజం చెప్పు. నేనూ నిజమే చెప్పాను.

ఆరున్నర వేసినా నీదే అయిన,
తుర్రుపిట్ట

జూలై 6

తుర్రుపిట్టా,

ఆరున్నర చూసి మొదట మొహం మాడింది, దాచను. నీ బాబాయికి చూపిస్తే ఆయన పలక లాక్కుని "నాకు పెళ్ళప్పుడు ఎంత వేశావు" అని రాశారు.

నువ్వన్నది రెండు రోజులు ఆలోచించాను. ముందే ఎందుకు చెబుతామంటే, జనానికి సామాన్లు ఉంటాయి, పిల్లలు ఉంటారు, లేచి సర్దుకోవడానికి వ్యవధి కావాలి. రెండుసార్లు ఎందుకంటే, మొదటిసారి ఎవరో మాట్లాడుతున్నారని మాత్రమే తెలుస్తుంది వాళ్ళకి, రెండోసారి వింటారు. కానీ నవల చదివేవాళ్ళ చేతిలో సామాన్లు ఉండవని నేను అనుకోలేదు. నువ్వు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మొదటి పేరా మొత్తం కొట్టేశాను. ఇక ఏదైనా సరే, ముందే చెప్పను, ఒక్కసారే చెబుతాను. రాతలోనే కాదు, అలవాటు కావాలంటే అన్నిట్లోనూ చెయ్యాలి కదా.

స్టేషన్ గుర్తొస్తోందా అని అడిగావు. రోజూ సాయంత్రం వెళుతున్నాను. మూడో ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చుంటాను. పైన నా గొంతు, కింద నేను. ఎవరూ గుర్తుపట్టరు. దీపాలు వెలిగాక లేచి వస్తాను. ఎందుకు వెళుతున్నానో ఇప్పుడే చెప్పను, చెబితే ముందే చెప్పేశానంటావు.

రెండో అధ్యాయం, మూడో అధ్యాయం పంపిస్తున్నాను. రెండోదాంట్లో టికెట్ కలెక్టరు కోటు చిరుగు ఉంది. మూడోదాంట్లో ఏముందో చెప్పను. చూశావా, నేర్చుకుంటున్నాను.

నోరు మూసుకుని,
పిన్ని

జూలై 17

పిన్నీ,

నీ ఉత్తరం చదివి గుండె కలుక్కుమంది. నువ్వు ఎంత తేలిగ్గా రాసినా నేను చదివింది మాత్రం అదే, రోజూ సాయంత్రం వెళ్ళి నీ గొంతు కిందే ఎవరికీ తెలియకుండా కూర్చుంటున్నావని. ఎందుకు వెళుతున్నావో నువ్వు చెప్పక్కర్లేదు, నాకు అర్థమైంది. ఈ సంగతి అమ్మకి చెప్పాల్సి వచ్చింది, కోప్పడకు. అమ్మ ఫోన్లోనే ఏడ్చింది.

అధ్యాయాలు అందాయి. బాగున్నాయి.

నువ్వు కొన్నాళ్ళు ఓపిక పట్టు. నేను ఒక పని మీద ఉన్నాను, కుదిరితే నీకే తెలుస్తుంది. మనుషులన్నాక ఏదో ఒక వ్యాపకం ఉండాలి, తోచక రాసుకోవడం వేరు, పదిమందిలో మెలగడం వేరు. నీలాంటి పనిమంతురాల్ని అలా వదిలేస్తే ఎవరికి నష్టం?

మా ఆఫీసులో కుర్చీలు మార్చారు. కొత్తవి ఎంత మెత్తగా ఉన్నాయంటే పక్కవరసలో అబ్బాయి కస్టమరు తిడుతుండగా వింటూ నిద్రపోయాడు. నేనూ ఒకటి రెండు చోట్ల వేరే ఉద్యోగాలకి రాశాను. మనిద్దరికీ ఒకేసారి మంచి కబురు రావచ్చు.

సాయంత్రాలు చల్లగాలి ఉంటుంది, శాలువా తీసుకెళ్ళు.

నీ గురించే ఆలోచిస్తూ,
తుర్రుపిట్ట

ఆగస్టు 8

తుర్రుపిట్టకి,

స్టేషన్ సూపరింటెండెంటు ఇంటికి వచ్చారు. నా బంధువులెవరో ఆయనకి చాలా చక్కటి ఉత్తరం రాశారట, నేను పని లేక కుంగిపోతున్నానని, రోజూ ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా కూర్చుంటున్నానని. ఆయనా నన్ను బెంచీ మీద చూసి అదే అనుకున్నారట. దగ్గరికి రావడానికి మొహమాటపడ్డారట. దస్తూరి చూపించారు. దడుచుకోవద్దని నువ్వు ముందే చెప్పావు కాబట్టి దడుచుకోలేదు.

మిషన్ ఇంకా రాని స్టేషన్లకి కొత్తగా చేరే అనౌన్సర్లకి పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. గొంతు పెద్దగా వాడక్కర్లేదు, తెర మీద రాసి చూపిస్తే చాలట. పొద్దున వెళితే సాయంత్రమే రావడం, రాకపోకలకి మరో రెండు గంటలు. సెప్టెంబరు ఒకటిన చేరాలి. సరేనని పలక మీద రాసి చూపించాను.

నవల కట్ట కట్టి బీరువా మీద పెట్టాను. నాలుగో అధ్యాయంలో ఆవిడ ఊరికి వెళ్ళే బండి వచ్చి ఆగింది, అక్కడ ఆపేశాను. నీ "బాగున్నాయి" నాకు అందింది. మొదటిదానికి రెండు పేజీలు రాసిన మనిషి, రెండిటికి కలిపి ఒక్క మాట రాసిందంటే నాకు తెలీదా. నువ్వు మర్యాదగా చెప్పావు. నిజం చెప్పమని నిన్ను నేనే అడిగాను, కాబట్టి బాధేమీ లేదు.

డాక్టరు ఇప్పుడు రోజుకి నాలుగు మాటలు మాట్లాడొచ్చని చెప్పారు. ఏ నాలుగు వాడాలో తెలియక ఇంతవరకూ ఒక్కటీ వాడలేదు.

బాబాయి నిన్ను అడిగానని చెప్పమన్నారు.

పిన్ని

ఆగస్టు 16

పిన్నీ,

ఎగిరి గంతేశాను. కింద అంతస్తు వాళ్ళు చీపురుకట్టతో పైకప్పు మీద కొట్టారు. నీకు చెప్పకుండా ఉత్తరం రాసినందుకు తిడతావేమోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నాను, నువ్వు తిట్టనైనా తిట్టలేదు. అమ్మకి చెబితే ఇప్పుడు సంతోషంతో ఏడ్చింది. ఆవిడకి ఏదైనా ఒకటే.

నవల ఎక్కడికీ పోదు, సెలవు రోజుల్లో రాసుకోవచ్చు. "బాగున్నాయి" అన్నది నిజంగా బాగున్నాయనే, నువ్వు లేనిపోనివి ఊహించుకోకు. ఆ రోజు సూపరింటెండెంటుకి ఉత్తరం రాసే హడావిడిలో ఉన్నాను. నిజం చెప్పాలంటే రెండోది చదివాను, మూడోది పైపైన తిప్పాను. ఈ వారం కూర్చుని చదువుతాను. మా గది అమ్మాయి రోజూ అడుగుతోంది, ఆ కుట్టుమిషన్ ఆవిడ ఏమైందని. మిషన్ ఎత్తుకుని నిలబడితే నడుం పడిపోతుందని ఈ అమ్మాయి భయం.

మొదటి రోజు కట్టుకెళ్ళడానికి మంచి చీర తీసి పెట్టుకో. ఆ నీలం రంగుది నీకు బాగుంటుంది.

గంతులేస్తూ,
తుర్రుపిట్ట

ఆగస్టు 26

పిన్నీ,

ఈ ఉత్తరం నీకు ఒకటో తారీకు లోపల చేరాలి. చేరకపోతే ఎలా అని బాబాయికి ఫోన్ చేశాను. ఉత్తరం వచ్చేదాకా నిన్ను గడప దాటనివ్వనన్నారు. ఎలా ఆపుతారని అడిగితే తలూపారనుకుంటాను, ఏమీ వినపడలేదు.

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ నీ మూడో అధ్యాయం చేతిలో పట్టుకున్నాను. బండి రావడానికి ఇంకా వ్యవధి ఉంది, బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాను. కుట్టుమిషన్ ఆవిడ పక్కన మొగుడూ పెళ్ళాం వచ్చి కూర్చుంటారు. తాళం వేశారా అంటుంది పెళ్ళాం. వేశానంటాడు. గుంజి చూశారా. చూశాను. అయితే తాళంచెవి ఇలా ఇవ్వండి. ఆయన జేబులు తడుముకుంటాడు. తలుపుకే వదిలేశారు కదూ, అని ఆవిడ అడిగి, కోపం తెచ్చుకోకుండా కాళ్ళు చాపుకుని, పోనీలెండి, వెళ్ళేది మీ అన్నయ్య ఇంటికే కదా, తర్వాతి బండికి పోదాం, ఈలోపు ఎవరైనా వచ్చి దోచుకుంటే మీ అన్నయ్య పెట్టిన గోడ గడియారం పోతుంది, దరిద్రం వదులుతుంది, అంటుంది.

పిన్నీ, నేను పైకే నవ్వాను. తర్వాత, కొత్త బూట్లు కరుస్తున్నాయని ఒప్పుకోని పెద్దాయన. తర్వాత, నువ్వెక్కు ముందు, కాదు నువ్వెక్కు, అని ఇద్దరూ ఎక్కకుండా మిగిలిపోయిన అన్నదమ్ములు. చదువుతూ చదువుతూ తల ఎత్తేసరికి ప్లాట్‌ఫాం మీద నేనొక్కదాన్నే ఉన్నాను. నా బండి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. నీ గొంతు నా నెత్తి మీద నుంచి రెండుసార్లు చెప్పే ఉంటుంది. నేను వినలేదు. నువ్వు చెప్పేది వినకుండా నువ్వు రాసింది చదువుతూ కూర్చున్నాను.

అప్పుడు వెలిగింది నాకు. ఇలాంటి మాటలు ఎవరూ ఇంట్లో కూర్చుని పుట్టించలేరు. నువ్వు ఆ బెంచీ మీద కూర్చున్నది నీ గొంతు కోసం కాదు, వీళ్ళ కోసం. ఇరవై నాలుగేళ్ళు అద్దం వెనక కూర్చుని జనం నోళ్ళు కదలడమే చూశావు, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో ఇప్పుడే వింటున్నావు. ముందే చెప్పకు, ఒక్కసారే చెప్పు అని నీకు పాఠం చెప్పింది నేనే, నువ్వు చెప్పకపోతే నా ఇష్టమొచ్చినట్టు ఊహించుకుని నిన్ను దిక్కులేనిదాన్ని చేసి సూపరింటెండెంటు దాకా వెళ్ళిందీ నేనే. తోచక రాసుకుంటున్నావని కూడా రాశాను నీకు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆ ఉద్యోగం నీకు ఇష్టమైతే చేరు, నేను అడ్డు చెప్పను. నా కోసం అయితే మాత్రం చేరకు. నవల బాగాలేదని నేను చెప్పానని అయితే అసలే చేరకు, ఎందుకంటే నేను అలా చెప్పలేదు, చదవకుండానే బాగున్నాయని చెప్పాను. ఇప్పుడు చదివి చెబుతున్నాను. మార్కులు వెయ్యడం నాకు చాతకావడం లేదు. ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్ళాను. సూపర్‌వైజరు ఎందుకని అడిగితే మా పిన్ని నవల రాస్తోందన్నాను. ఏ పత్రికలో వస్తోంది, అని అడిగింది ఆవిడ.

ఆ బీరువా మీద కట్ట దింపు. నీకు అందకపోతే బాబాయిని స్టూలు ఎక్కమను.

బండి తప్పిన,
తుర్రుపిట్ట

సెప్టెంబరు 2

తుర్రుపిట్టా,

నీ ఉత్తరం నిన్న పొద్దున నేను బయల్దేరే వేళకే వచ్చింది. నీ బాబాయి నన్ను ఆపిన పద్ధతి చెబుతాను. నా చెప్పులు రెండూ తీసుకెళ్ళి ప్లాస్టర్ బస్తా వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు ఎవరిదో పై దవడ అరగదీస్తూ కూర్చున్నారు. ఆ దవడ ఎవరిదోగానీ పాపం, కంగారులో ఒక పన్ను పొట్టిదైపోయింది, మళ్ళీ చేస్తున్నారు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఒక్కసారే చెప్పమన్నావు కానీ ఒక్కసారే చదవమనలేదు కదా.

మొదట నీ మీద కోపమొచ్చింది, అదీ దాచను. నాకు మంచి చెయ్యాలనిపిస్తే ముందు నన్ను అడుగు. నేనిక్కడ హాయిగా ఉంటే మీ అమ్మా నువ్వూ కలిసి మీ ఊహల్లో నన్ను కూర్చోబెట్టి ఏడిపించారు. ఆ తర్వాత తాళంచెవి దగ్గర నువ్వు నవ్వావన్న ముక్క మళ్ళీ చదువుకున్నాను. కోపం ఎటు పోయిందో తెలీదు. వాళ్ళు నిజంగానే కూర్చున్నారు నా పక్కన. గడియారం మాత్రం నేను పెట్టాను. గోడ గడియారం అంటే నమ్ముతారా నమ్మరా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాను. నువ్వు నమ్మావు.

అయినా స్టేషనుకి వెళ్ళాను. వస్తానని చెప్పిన చోటికి వెళ్ళకుండా ఎగ్గొట్టడం నాకు చాతకాదు. సూపరింటెండెంటు గదిలో కూర్చోబెట్టారు. సంతకం పెట్టమని కలం ఇచ్చారు. కొత్త పిల్లలు ముగ్గురు గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్నారు, నా గొంతు వింటూ పెరిగారట. మంచి పిల్లలు. పలక తీసి జవాబు రాద్దామనుకున్నాను. పలక ఇంట్లోనే మర్చిపోయాను. అప్పుడు నోరు తెరిచాను.

"నాకు ఇంటి దగ్గర పనుంది," అన్నాను.

నాలుగు మాటలే, లెక్క సరిపోయింది. గొంతు నాది కాదే. బొంగురుగా, లావుగా, ఎవరో పక్కింటావిడ అరువిచ్చినట్టు ఉంది. ఆయన తెల్లబోయారు. అదే సమయానికి పైనుంచి నా పాత గొంతు ఏదో బండి సంగతి చెప్పింది, ఆయన పైకీ నా వైపూ చూశారు. ఏం పనండీ అని అడిగారు. నా దగ్గర ఇంక మాటలు లేవు కదా, ఆయన కాగితం మీదే రాసి చూపించాను. చదివి కలం మూత పెట్టేశారు. గుమ్మం దాకా వచ్చి, ఆ నవల్లో సూపరింటెండెంటు ఉన్నాడా, ఉంటే కొంచెం పొడుగ్గా రాయండి, అన్నారు.

ఇంటికి రాగానే నీ బాబాయి తలెత్తి చూశారు. మళ్ళీ నోరు తెరవబోతే వేలు అడ్డం పెట్టి, నువ్వు మాట్లాడావా, అన్నారు. తలూపాను. నాకు వినిపించకుండా సూపరింటెండెంటుకి వినిపిస్తావా, అని రోజంతా అలిగారు. ఈ రోజు పొద్దున ఆయన కోసం రెండు మాటలు ఖర్చుపెట్టాను. ఏమన్నానో నీకు చెప్పను. ఆయన మైనం చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయారు.

కట్ట కిందికి దింపాం, ఆయనే స్టూలు ఎక్కారు. మొదటి పేరాలో ఆవిడ ఆ ఊళ్ళోనే ఉండిపోతుందని రాశానని తప్పు పట్టావు గుర్తుందా. నువ్వు కొట్టెయ్యమన్నాక కొట్టేశాను. కొట్టేశాక నాకే అనుమానం పట్టుకుంది, నిజంగా ఉండిపోతుందా అని. నెల రోజుల కిందట ఆవిడని ఎక్కడ వదిలేశానో అక్కడే ఉంది. బండి ఆగి ఉంది, తలుపు తీసి ఉంది, కుట్టిపెట్టిన కోటు వేసుకుని టికెట్ కలెక్టరు ఏమీ అనకుండా పక్కన నిలబడ్డాడు. ఎక్కుతుందో లేదో నాకు తెలీదు. ఏ బండి ఎప్పుడొస్తుందో ఊరందరికంటే ముందు తెలిసిన మనిషిని నేను, ఇన్నేళ్ళూ. ఇలా తెలియకుండా కూర్చోవడం ఎంత బాగుందో నీకెలా చెప్పను.

ఇక ఆపుతానే. మిషన్ ఎత్తుకుని నిలబడి ఉంది, చేతులు లాగుతుంటాయి.

పిన్ని